భద్రాచలం దాటి అడవిలోకి

పిల్లలూ, వర్షారణ్యం అనే మాట మీరు భూగోళం పాఠంలో చదివే ఉంటారు. పట్టపగలు కూడా ఎండ నేలను తాకనంత దట్టంగా చెట్లుండే అడవి అది. పుస్తకంలో దాని బొమ్మ వేస్తే అందులో ఒక రంగురంగుల చిలుక, ఒక కొండచిలువ, కొమ్మ పట్టుకు వేళ్ళాడే ఒక కోతి తప్పకుండా ఉంటాయి. ఆ బొమ్మ చూసిన పిల్లలు, "సెలవులకు అక్కడికి పోదామా?" అని ఇంట్లో అడుగుతారు. పెద్దవాళ్ళు, "చూద్దాంలే," అంటారు. ఆ "చూద్దాంలే"కు అర్థమేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా ఒకసారి లెక్క వేసి చూద్దాం. దక్షిణ అమెరికా ఖండానికి ఈశాన్యపు మూల సురినాం అనే చిన్న దేశం ఉన్నది. చిన్నదంటే మరీ చిన్నదేం కాదు, దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. కాని ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5 కోట్ల మంది జనం ఉంటే, సురినాం దేశం మొత్తానికీ ఉన్నది 6 లక్షల చిల్లర! మిగిలిన చోటంతా ఏమున్నదంటారా? అడవి. ఆ దేశంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా అడవే. 1873లో "లల్లా రూఖ్" అనే ఓడలో మన దేశపు కూలీలు మొట్టమొదటిసారి అక్కడి తోటలలో పనికి వెళ్ళారు. వారి సంతతివారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. రామాయణం కథ చెప్పుకునే ఇళ్ళు ఆ అడవి దేశంలో కూడా ఉన్నవన్నమాట.

అక్కడికి పోవాలంటే ముందు పాస్‌పోర్టు కావాలి. తరువాత ఎల్లో ఫీవర్ అనే దోమ కాటు జ్వరానికి టీకా వేయించుకోవాలి. అదీ ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ కాగితం లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలోనే మనల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచేస్తారు! ఆ పైన విమానాలు మారి మారి సముద్రాలు దాటాలి. డబ్బు సంగతి నేను చెప్పను, మీ నాన్నగారిని అడగండి.

అంత దూరం పోలేనివారికి మన దగ్గరే ఒక అడవి ఉన్నది. దాని గుమ్మం భద్రాచలం.

భద్రాచలం రాముడి కథ మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. కంచర్ల గోపన్న తహసీలు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ కోటలో చెరసాల పాలై, రామదాసు అయిన కథ తెలియని తెలుగు పిల్లలుండరు. యాత్రికులు ఆ గుడి చూసి, పర్ణశాల చూసి, ఇంటికి తిరిగిపోతారు. ఆ గుడి మెట్ల మీద నిలబడి తూర్పుగా చూస్తే కనబడే నీలి కొండల మాట ఏమిటని ఎవరూ అడగరు. గోదావరి అటే పోతున్నది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారే ఈ నది, సముద్రానికి చేరేముందు తూర్పు కనుమలను అడ్డంగా కోసుకుని పోవలసి వచ్చింది. ఆ కోత దగ్గర నది రెండు పక్కలా కొండలు నిలబడి ఉంటాయి. నడినెత్తిన పాపిడి తీసినట్టుంటుంది గనక పాపిడి కొండలన్నారనీ, అదే పాపికొండలు అయిందనీ చెబుతారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం అక్కడ అడవిదున్నలను చూసి వాటి పేరే ఆ కొండలకు పెట్టారు.

మరి ఇది వర్షారణ్యమేనా? కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే దీన్ని ఆ పేరుతో పిలిచేవారు చాలామంది ఉన్నారు. తేడా ఏమిటో తెలుసుకుంటే అడవి ఇంకా బాగా కనిపిస్తుంది.

ఆకు చెట్టుకు వంటిల్లు. ఎండ తీసుకుని, గాలి తీసుకుని, వేళ్ళు తెచ్చిపెట్టిన నీటితో అది చెట్టుకు అన్నం వండుతుంది. అయితే ఈ వంటింటికి కంటికి కనిపించని కిటికీలు లెక్కలేనన్ని ఉన్నవి. వాటిలోంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. సురినాం వంటి చోట దాదాపు ప్రతి నెలా వాన కురుస్తుంది, ఏడాదికి 200 సెంటీమీటర్లకు తక్కువ కాదు. పోయిన నీరు పోయినట్టే తిరిగి వస్తుంది గనక అక్కడి చెట్లు ఏడాది పొడుగునా వంటిల్లు తెరిచే ఉంచుతాయి. భద్రాచలం అడవులకు కూడా వాన తక్కువేమీ కాదు, వంద సెంటీమీటర్లు దాటుతుంది. కాని అదంతా ఇంచుమించు జూన్ నుంచి అక్టోబరులోపలే పడిపోతుంది. ఆ తరువాత నెలల తరబడి చుక్క ఉండదు. అప్పుడు టేకు ఏం చేస్తుంది? చేటంత ఆకులు దానివి, కిటికీలన్నీ తెరిచి ఉంచితే చెట్టు ఎండిపోతుంది. అందుచేత వంటిల్లు మూసేస్తుంది, అంటే ఆకు రాల్చేస్తుంది. మద్ది, తునికి, ఇప్ప అన్నీ కొంచెం వెనకా ముందూగా ఇదే పని చేస్తాయి. మార్చి నెలలో ఈ అడవిలో నడిస్తే కాలి కింద ఎండుటాకులు అప్పడాలలాగా పటపటమంటాయి. తిరిగి వానలు పడ్డ పది రోజులకు అదే అడవి గుర్తుపట్టలేనంత పచ్చగా మారిపోతుంది. ఏడాదంతా ఒకేరకంగా ఉండే అడవి కంటె ఇదే నాకు ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

అయితే కొండల మధ్య వాగులు పారే లోయలలో వేసవిలో కూడా నేల తడిగానే ఉంటుంది. అక్కడ ఆకు రాల్చని చెట్లు కనిపిస్తాయి. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు రోడ్డున పోయేవారికి, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఇది తెలుస్తుంది. ఎండ పడే వైపు కొండ బోసిగా ఉంటే, వాగు వైపు లోయ చీకటిగా పచ్చగా ఉంటుంది. వర్షారణ్యం ఎట్లా ఉంటుందో ఆ లోయలను చూసి కొంత ఊహించుకోవచ్చు.

ఇక ప్రయాణం సంగతి. మొట్టమొదట తేల్చుకోవలసింది ఎప్పుడు పోవాలన్నది. వేసవిలో ఈ ప్రాంతం కొలిమి. 45 డిగ్రీల ఎండ ఇక్కడివారికి వింత కాదు. పైగా శ్రీరామనవమికి ఊళ్ళో నిలబడటానికి చోటు దొరకదు. వానాకాలంలో పోదామంటే గోదావరి ఒప్పుకోదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులు వచ్చింది. అంత వరద మళ్ళీ రాదనుకున్నారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది! మీ ఇంటి గోడ మీద ఒక అడుగు కొలిచి గీత గీయండి. మొదటి హెచ్చరికకూ, 1986 నాటి వరదకూ మధ్య అటువంటి గీతలు ముప్ఫైరెండు ఉన్నవి. మూడంతస్తుల మేడ మునిగిపోయే ఎత్తన్నమాట. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి తగిన రోజులు. నీరు తేటపడుతుంది, పొద్దున్నే నది మీద మంచు పరుచుకుని ఉంటుంది.

భద్రాచలానికి రైలు లేదు. "భద్రాచలం రోడ్" అనే స్టేషను ఉన్నది గాని, అది కొత్తగూడెంలో ఉన్నది. అక్కడ దిగి మరి నలభై కిలోమీటర్లు బస్సులో రావాలి. తెలియనివారు స్టేషను బయటికి వచ్చి గుడి ఎక్కడా అని వెతకడం కద్దు. బస్సు గోదావరి వంతెన దాటి ఊళ్ళోకి వస్తుంది. ఈ వంతెన 1965లో తయారయింది. అంతకుముందు దేవుణ్ణి చూడాలంటే పడవ ఎక్కవలసిందే. రాజమండ్రి నుంచి లాంచీలు ఎదురీదుకుంటూ పాపికొండల మధ్యనుంచి భద్రాచలం వచ్చేవి. ఆ లాంచీ ప్రయాణం ఎట్లా ఉండేదో చూడాలంటే 1973లో వచ్చిన "అందాల రాముడు" సినిమా ఉన్నది. మీ తాతగారిని అడిగితే సంతోషంగా కూర్చుని చూపిస్తారు.

ఈ ఊరికి మరొక వింత ఉన్నది. ఊరు కదలలేదు గాని, దాని చుట్టూ గీతలు కదులుతూనే ఉన్నవి. 1860లో నిజాం ఈ ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకిచ్చాడు. వారు మొదట దీన్ని మధ్య పరగణాలలో కలిపి, 1874లో మద్రాసు రాజధాని కిందికి తెచ్చారు. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు ఊరు తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. ఇప్పుడు భద్రాచలంలో ఇడ్లీ తిని బయలుదేరితే, అది అరగకముందే ఎటపాకలో రాష్ట్రం మారిపోతుంది. జటాయువు రెక్క తెగి పడ్డది అక్కడేనని చెబుతారు.

ఎటపాక నుంచి రోడ్డు గోదావరి ఎడమగట్టునే కూనవరం పోతుంది. అక్కడ కాసేపు ఆగండి. ఒరిస్సా కొండలలోనుంచి వచ్చే శబరి నది గోదావరిలో కలిసేది ఇక్కడే. చలికాలంలో చూస్తే రెండు నీళ్ళ రంగులూ వేరువేరుగా తెలుస్తాయి. వానాకాలంలో మరొక చిత్రం జరుగుతుంది. గోదావరి పొంగి ఎత్తుగా ఉంటే శబరి అందులోకి దిగలేక వెనక్కు తన్నుతుంది. అప్పుడు కూనవరం, వి.ఆర్.పురం ఊళ్ళకు రెండు వైపులనుంచీ నీరు వస్తుంది. ఒక నది పొంగితే పారిపోవచ్చు, రెండు నదులు చేయి కలిపితే ఎక్కడికి పోతారు?

వి.ఆర్.పురం దాటాక పోచవరం. పడవ ఎక్కేది ఇక్కడ. పడవలు అన్ని రోజులూ ఉండవు. నీటిని బట్టి అధికారులు అనుమతి ఇస్తారు, ఆపేస్తారు. అందుచేత భద్రాచలంలోనే కనుక్కుని బయలుదేరాలి.

పడవ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలకంటె పెద్దవారు ఇది వింటే బాగుంటుంది. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉండగా, దిగువ నుంచి పాపికొండలకు యాత్రికులను ఎక్కించుకు వచ్చిన పడవ ఒకటి కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. యాభై మందికి పైగా చనిపోయారు. వారిలో సెలవురోజు సరదాగా వచ్చిన కుటుంబాలున్నవి. అక్కడ నది లోతు ఎంతంటే, ఆ పడవను పైకి తీయడానికి ఐదు వారాలు దాటింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్ళతో, లంగర్లతో వెతికి వెతికి చివరకు దాన్ని బయటికి లాగింది. కొండల మధ్య నది ఎందుకంత ప్రమాదమో ఆలోచించండి. మైలు వెడల్పున తాపీగా వచ్చే నీరంతా కొన్ని వందల గజాల సందులో దూరిపోవాలి. వెడల్పు తగ్గినప్పుడు అదే నీరు పోవాలంటే లోతన్నా పెరగాలి, వేగమన్నా పెరగాలి. ఇక్కడ రెండూ పెరుగుతాయి. పైగా రాతి గోడలకు తగిలి సుడులు తిరుగుతుంది.

అందుచేత పడవలో కాలు పెట్టగానే లైఫ్ జాకెట్ అడగండి. ఇస్తే సరిపోదు, తొడుక్కుని తాళ్ళు బిగించుకోండి. ఉక్కపోస్తుందని విప్పి ఒళ్ళో పెట్టుకునే పెద్దమనుషులుంటారు. మీరు మాత్రం విప్పవద్దు. పడవలో మరీ ఎక్కువమంది ఉన్నారనిపిస్తే, డబ్బు పోయినా సరే, దిగిపొమ్మని మీ నాన్నగారితో చెప్పండి.

రెండవ జాగ్రత్త దోమ. మన్యంలో చలిజ్వరం పూర్వం నుంచీ ఉన్నది. దోమలు మురికి గుంటలలోనే పుడతాయని చాలామంది అనుకుంటారు. కాని మలేరియాను మోసే దోమలలో కొన్ని నెమ్మదిగా పారే శుభ్రమైన కొండవాగులలో కూడా గుడ్లు పెడతాయి. వాగు అందంగా ఉన్నంత మాత్రాన దోమ ఉండదనుకోవద్దు. ఈ జ్వరపు క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది కూడా మన దగ్గరే, 1897లో సికిందరాబాదులో. సాయంత్రం అయ్యేసరికి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. రాత్రి అక్కడ ఉండదలచితే దోమతెర తీసుకుపోండి. తిరిగి వచ్చాక రెండు మూడు వారాలలోపల జ్వరం వస్తే డాక్టరుగారితో "మేము మన్యం వెళ్ళివచ్చాం" అని తప్పకుండా చెప్పాలి.

సరే, పడవ కదిలింది. మొదట నది విశాలంగా, ఇసుక తిన్నెలతో ఉంటుంది. ఒక్కొక్క మలుపే తిరిగే కొద్దీ కొండలు దగ్గరవుతాయి. "ఇంక దారి లేదు, నది ఇక్కడితో అయిపోయింది" అనిపిస్తుంది. ఇంతలో పడవ పక్కకు తిరుగుతుంది, మరొక సందు తెరుచుకుంటుంది. గట్టు మీది చెట్లకు చాలా ఎత్తున ఎండిన చెత్త, గుడ్డ పేలికలు వేళ్ళాడుతుంటే అవి ఏమిటా అని ఆశ్చర్యపోకండి. వరద అంత ఎత్తున వచ్చి, అవి తగిలించి పోయింది.

ఈ కొండలలో 1,012 చదరపు కిలోమీటర్ల అడవిని 2008లో పాపికొండ జాతీయ పార్కు చేశారు. పులి, చిరుత, ఎలుగు, అడవిదున్న, కణుజు ఉన్నవి. అవన్నీ గట్టు మీద వరసగా నిలబడి మీకు దర్శనమిస్తాయని ఆశపడవద్దు. మోటారు పడవ చప్పుడు వినగానే అవి లోపలికి పోతాయి. కోతులు, కొంగలు, అదృష్టం ఉంటే నెమలి, ఇంతవరకే హామీ.

కాని మనుషులు కనిపిస్తారు. వారి కోసమైనా ఈ ప్రయాణం చేయాలి. ఈ అడవిలో కోయలు, కొండరెడ్లు ఉంటారు. కోయలకు తమ భాష వేరే ఉన్నది, అది గోండు భాషకు దగ్గర చుట్టం. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ కొండల్లో వారి మధ్య తిరిగి, వారి బతుకు గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. అది 1945లో వెలువడింది. కొండరెడ్లకు వెదురుతో రాని పనిలేదు. బుట్ట, తట్ట, తడిక, ఇంటి గోడ, అన్నీ వెదురే. కరువు రోజులలో జీలుగు చెట్టు బోదెలోని గుజ్జు దంచి, కడిగి, పిండి తీసి అంబలి కాచుకునేవారు. చెట్టు బోదెలో అన్నం ఉంటుందని మనకెవరికి తెలుసు?

పడవలు పేరంటపల్లిలో ఆగుతాయి. అక్కడ 1927 ప్రాంతంలో బాలానందస్వామి వచ్చి స్థిరపడిన ఆశ్రమం, శివాలయం ఉన్నవి. పక్కనే కొండ మీదినుంచి ఒక సెలయేరు చల్లగా దిగివస్తుంది. దారి పక్క కొండరెడ్ల ఆడవారు వెదురు పువ్వులు, బొమ్మలు అమ్ముతారు. బేరమాడేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఒక పువ్వుకు ఎన్ని పుల్లలు చీరాలో, ఎన్ని వంచాలో ఒక నిమిషం నిలబడి చూస్తే బేరమాడబుద్ధి కాదు.

అక్కడ ఒక ముసలమ్మతో నేను మాట కలిపాను. "అవ్వా, మీకు కొత్త ఊళ్ళో ఇల్లిస్తారటగా?" అని అడిగాను.

"ఇస్తారంట బాబూ. సిమెంటు ఇల్లు. బానే ఉంటదంట," అన్నది ఆమె, పుల్ల చీరుతూనే. "మరి వెదురెక్కడ కొట్టుకోవాల?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెబుతాను. దిగువన పోలవరం దగ్గర గోదావరికి పెద్ద ఆనకట్ట కడుతున్నారు. 2021 జూన్‌లో నదిని దాని పాత దారి నుంచి మళ్ళించి, కొత్తగా కట్టిన 48 గేట్ల మీదుగా పంపించారు. పని ఇంకా సాగుతున్నది. అది పూర్తయితే పొలాలకు నీళ్ళు వస్తాయి, విశాఖపట్నానికి తాగునీరు వస్తుంది, 960 మెగావాట్ల విద్యుత్తు వస్తుంది. ఇవి చిన్న లాభాలు కావు. అయితే ఆనకట్ట వెనక నీరు సముద్ర మట్టానికి 45.72 మీటర్ల ఎత్తున నిలబడుతుంది. పళ్ళెం అంచు ఎత్తితే నీరు వెనక్కు పాకినట్టు, ఆ నీరు కొండల సందులో వెనక్కు పాకుతూ శబరి లోయలోకి కూడా పోతుంది. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నింపుతామన్నారు. ఆ ఎత్తుకు కింద ఉన్న ఊళ్ళు ముందు ఖాళీ చేయాలి, మిగిలినవి ఆ తరువాత. మొత్తం లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వారిలో చాలామంది కోయలు, కొండరెడ్లు. పాపికొండలు మునగవు, అవి ఎత్తైనవి. మునిగేవి కాళ్ళ దగ్గర ఉన్న ఇసుక తిన్నెలు, ఇప్పచెట్లు, ఊళ్ళు. అప్పుడు పడవలో పోయేవారికి కొండలు ఇప్పటికంటె పొట్టిగా కనిపిస్తాయి.

ఇల్లుకు బదులు ఇల్లు, పొలానికి బదులు పొలం ఇవ్వవచ్చు. కాని అడవికి బదులు ఏమిస్తారు? తేనె, తునికాకు, వెదురు, చీపురుపుల్ల, కందగడ్డ, ఇవేవీ కొండరెడ్డి కొనుక్కునేవాడు కాదు. కొత్త కాలనీలో అన్నీ కొనుక్కోవాలి. ముసలమ్మ అడిగింది ఒక్క వెదురు మాటే అయినా, అందులో ఇవన్నీ ఉన్నవి. ఆమెకు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు. రెండు వెదురు పువ్వులు కొనుక్కున్నాను.

మీరు పోయేటప్పుడు సంచిలో తాగునీరు, టోపీ, దోమతెర, పాత చెప్పులు పెట్టుకోండి. ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు మళ్ళీ మీ సంచిలోనే తిరిగి రావాలి, నదిలో పడకూడదు. ఊళ్ళలో ఫోటో తీసేముందు అడగండి, వద్దంటే మానేయండి. ఇంకొకటి, ఒక నోటుపుస్తకం, పెన్సిలు. పడవ ఆగిన చోటల్లా ఊరి పేరు రాసుకోండి: పోచవరం, తుమ్మిలేరు, కొల్లూరు, పేరంటపల్లి. ఆ పేరు ఎందుకు వచ్చిందో అక్కడివారిని అడిగి పక్కనే రాయండి. ఇసుక తిన్నె ఎక్కడున్నదో, చింతచెట్టు ఎక్కడున్నదో, ఇళ్ళు ఎన్ని ఉన్నవో బొమ్మ గీయండి. తేదీ వేయడం మరిచిపోవద్దు. సాయంత్రం నాలుగు గంటలకల్లా పోచవరం చేరుకుంటే, చీకటి పడకముందే కూనవరం దాటి భద్రాచలం వచ్చేయవచ్చు.